పొయ్యి దగ్గర లేనివాళ్లు

కామారెడ్డి జిల్లాలో వెయ్యి మంది మగవాళ్లకు 1,033 మంది ఆడవాళ్లు ఉన్నారని 2011 జనాభా లెక్క చెబుతుంది. దేశం మొత్తానికి ఆ అంకె 943. ఆడపిల్లను కడుపులోనే చంపుకునే రాష్ట్రాల పక్కన పెట్టి చూస్తే ఇది గర్వంగా చెప్పుకోవలసిన సంగతే. చెప్పుకున్నారు కూడా. ఉమ్మడి నిజామాబాద్ జిల్లా అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోనే ఈ విషయంలో మొదటి స్థానంలో నిలిచింది. ఆ అంకె వెనక ఏ ఇళ్లున్నాయో, ఆ ఇళ్లలో ఎవరున్నారో, ఎవరు లేరో చూద్దామని కామారెడ్డిలో రైలు దిగి తాడ్వాయి, లింగంపేటల మీదుగా ఎల్లారెడ్డికి, అక్కణ్నుంచి నిజాంసాగర్ దాకా వెళ్లాను. ఈ దారి పొడుగునా నాకు బలపడిన అభిప్రాయం ఒకటే: 1,033 అనేది ఆడవాళ్ల బాగును కొలిచిన అంకె కాదు, ఊళ్లో లేని మగవాళ్లను చూపించే అంకె. మనుషుల్ని లెక్కపెట్టే పద్ధతి ఈ తేడాను పట్టుకోలేకపోతే, ఇక్కడి కుటుంబం ఎలాంటిదో ప్రభుత్వానికి ఎప్పటికీ తెలియదు.

ఈ జిల్లా పుట్టిందే 2016 అక్టోబర్ 11న. అంతకుముందు లెక్కలన్నీ నిజామాబాద్ ఖాతాలోవే. మండలాలు విడదీసి కూడితే కామారెడ్డి వాటాకు దాదాపు 9 లక్షల 72 వేల మంది వచ్చారు. పదిమందిలో తొమ్మిదిమందికి దగ్గరగా పల్లెల్లోనే ఉన్నారు. 2011 నాటికి కామారెడ్డి పట్టణంలో ఉన్నది 80 వేల మందే. అయినా ఈ పట్టణం ఎన్ని రకాల మనుషుల్ని ఒక్కచోట చేర్చిందో స్టేషన్ నుంచి బస్టాండు దాకా నడిస్తే తెలుస్తుంది. సికింద్రాబాద్, మన్మాడ్‌ల రైలు మార్గం, 44వ జాతీయ రహదారి, పేరున్న బెల్లం మార్కెట్ కలిసి దీన్ని వ్యాపారపు ఊరిని చేశాయి. తెలుగు, ఉర్దూ, లంబాడీ ఒకే దుకాణంలో వినిపిస్తాయి. ఇంకా పడమటికి పోతే బిచ్కుంద, మద్నూర్, జుక్కల్ వైపు మరాఠీ, కన్నడ కూడా ఇంటి భాషలే. ఇంత కలగలుపున్న జిల్లాకు ఒక్క సగటు అంకె పెట్టి మాట్లాడటమే కష్టం. ఆ మాట ఒప్పుకుంటూనే, అన్ని భాషల ఇళ్లలోనూ కనిపించే ఒక పోలిక గురించి మాట్లాడాలి. అది వలస.

జనగణన దృష్టిలో కుటుంబమంటే ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్లు. అన్నదమ్ములు ఏరుపడి ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టుకుంటే రెండు కుటుంబాలు. ఇది తెలివైన నియమం; పల్లె మనసు కూడా ఇలాగే లెక్కిస్తుంది. చిక్కంతా దీని వెంట వచ్చే రెండో నియమంతో. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా లెక్క సాగింది. ఆ రోజులన్నింటిలోనూ ఊళ్లో లేని మనిషిని ఆ ఇంట్లో రాయకూడదు. దుబాయిలోనో దోహాలోనో లేబర్ క్యాంపులో ఉన్నవాడు తన ఇంటి పట్టికలోకి రాడు. బియ్యం అతని డబ్బుతో వస్తాయి, గ్యాసు బండ అతని డబ్బుతో నిండుతుంది, కానీ ఆ పొయ్యి మీద వండింది తినలేదు కాబట్టి అతను ఆ కుటుంబంలో లేడు. ఉమ్మడి జిల్లాలో ఆ లెక్క ప్రకారం మగవాళ్లకన్నా ఆడవాళ్లు సుమారు 50 వేల మంది ఎక్కువ తేలారు. అటు ఖతార్‌లో చూస్తే జనాభాలో నలుగురికి దాదాపు ముగ్గురు మగవాళ్లే. ఒకచోట తరుగు, మరోచోట పెరుగు. రెండూ ఒకే కథలో రెండు కొసలు.

తాడ్వాయి దాటాక రోడ్డు పక్క ఊళ్లలో పగటిపూట అరుగుల మీద కనిపించేది ఎక్కువగా ఆడవాళ్లు, ముసలివాళ్లు. చాలామంది ఆడవాళ్ల ఒళ్లో చాట ఉంటుంది. నానబెట్టి తడిబట్టలో చుట్టి ఉంచిన తునికాకును కత్తెరతో ఒక్క కొలతకు కత్తిరిస్తారు, ఈనె తీస్తారు, చిటికెడు తంబాకు పరిచి వేళ్ల మధ్య దొర్లిస్తారు, దారం చుట్టి మూతి మలుస్తారు. కళ్లు చాట మీద ఉండనక్కర్లేదు. మాట్లాడుతూనే, పిల్లల్ని అదిలిస్తూనే చేతులు పని చేసుకుపోతాయి. ఇరవై ఐదు బీడీలకో కట్ట. సాయంత్రానికి కట్టలన్నీ కార్ఖానాకు చేరాలి, అక్కడ బాగాలేవన్నవి తీసేయగా మిగిలినవాటికే కూలి. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని ఉత్తర తెలంగాణ మగవాళ్ల బతుకుతెరువును మూడు ముక్కల్లో చెబుతారు. ఆ మూడింటికీ పోయినవాళ్ల ఇళ్లలో ఎసరు చల్లారకుండా చూసిన పని ఈ బీడీ. వీసాకు చేసిన అప్పు తీరేదాకా గల్ఫ్ డబ్బు వడ్డీలకే పోతుంది. ఆ ఏళ్లలో ఇంటి ఖర్చు నడిచేది ఈ చాట మీదనే. 1,033ను ఆడవాళ్ల గౌరవానికి గుర్తుగా చూపేవాళ్లు అదే 2011 లెక్కల్లో ఇంకో కాలమ్ కూడా చూడాలి. ఉమ్మడి నిజామాబాద్‌లో మగవాళ్లలో సుమారు 71 శాతం చదవను రాయను నేర్చినవాళ్లయితే ఆడవాళ్లలో అది 51 శాతమే. ఆరేళ్లలోపు పిల్లల్లో చూస్తే ఆడపిల్లలు వెయ్యికి లోపే. అంటే పుట్టుకలో ఎక్కువ లేరు, పెద్దయ్యాక ఎక్కువయ్యారు. ఈ మధ్యలో ఏం జరిగిందో అదే అసలు విషయం.

దీనికి గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. మొదటిది, గల్ఫ్ వలసలు 1970ల తర్వాతివి. ఈ ప్రాంతంలో ఆడవాళ్ల సంఖ్య మెరుగ్గా ఉండటం అంతకన్నా పాతది కదా అని. నిజమే. కానీ వలస కూడా గల్ఫ్‌తో మొదలుకాలేదు. నిజాం రాజ్యం నుంచి బొంబాయికి పోయి ఇళ్లు, రోడ్లు కట్టిన కామాటీల పేరు మీదే అక్కడ కామాటిపుర వెలిసింది. మగ్గాలు వదిలిన పద్మశాలీలు షోలాపూర్, భివండీల్లో స్థిరపడ్డారు. దుబాయి ఆ పాత దారికి పొడిగింపు. రెండో అభ్యంతరం, ఆడవాళ్లు ఎక్కువకాలం బతుకుతారు కాబట్టి ముసలితనంలో వాళ్ల సంఖ్య పెరగడం సహజమని. ఇదీ కొంత నిజమే, ఇంకా కలుపుకుంటే తాగుడు, అప్పులు, చేను ఎండిపోవడం ఇక్కడి మగవాళ్ల ఆయుష్షును కోశాయి కూడా. అయితే ఇవన్నీ నా వాదనను పక్కకు నెట్టవు. మగవాడు చనిపోవడం వల్లనైనా, దూరం పోవడం వల్లనైనా, ఇల్లు నడిపేది ఆడమనిషి ఒక్కతే అవుతుంది. భర్త చనిపోతే వితంతు పింఛను ఉంది, వదిలేస్తే 2017 నుంచి ఒంటరి మహిళ పింఛను ఉంది. భర్త బతికే ఉండి మూడేళ్లకోసారి వచ్చిపోతుంటే మాత్రం ఆమె ఒంటరిగా నడిపే సంసారానికి కాగితం మీద చోటు లేదు. నాటు వేయించేది, మోటరు కాలిపోతే బాగుచేయించేది, వడ్లు కొనుగోలు సెంటర్‌లో కాంటా అయ్యేదాకా కుప్ప దగ్గర కావలి ఉండేది ఆమె. పట్టాదారు పాసుపుస్తకం అతని పేరు మీద, 2018లో రైతుబంధుగా మొదలైన పెట్టుబడి సాయం అతని ఖాతాలో. 2023లో రేషన్ కార్డుల ఈ-కేవైసీకి ఇంటిల్లిపాదీ వేలిముద్ర వేయాలన్నప్పుడు గల్ఫ్‌లో ఉన్నవాళ్ల పేర్లు పోతాయని ఇళ్లకు ఇళ్లు భయపడ్డాయి. ఆ భయానికి మూలం ఊళ్లో లేనివాణ్ణి ఇంట్లో రాయకూడదన్న ఆ నియమంలోనే ఉంది.

లింగంపేటలో నాగన్న బావి మెట్లు చూసి బయల్దేరితే ఎల్లారెడ్డి ఎక్కువ దూరం లేదు. డివిజన్ కేంద్రం, 2018 నుంచి మున్సిపాలిటీ. కానీ దాని బలమంతా చుట్టూ ఉన్న పల్లెలు, తండాలు. గాంధారి, లింగంపేట, ఎల్లారెడ్డి మండలాల్లో తండాలు దట్టంగా ఉన్నాయి. అదే 2018లో వాటిలో చాలా తండాలు సొంత గ్రామపంచాయతీలయ్యాయి. ఇక్కడికొచ్చాక నా వాదనకు నేనే ఒక సవరణ చేసుకోవాలి. గల్ఫ్ ఇంట్లోంచి ఒక్క మగవాణ్ణి తీసుకుపోతుంది. తండా నుంచి చెరుకు నరకడానికో, హైదరాబాద్‌లో ఇళ్లు కట్టడానికో పోయేది మొగుడూ పెళ్లాం ఇద్దరూ. చెరుకు కోతకు జంటగా పోతేనే కూలి గిట్టుబాటు. ఇంట్లో మిగిలేది ముసలివాళ్లు, బడికిపోయే పిల్లలు. ఇద్దరూ పోయినప్పుడు ఆడ, మగ నిష్పత్తి కదలదు. అంకె చూసి ఈ వలసను కనిపెట్టలేం. పైగా లెక్కల ఫిబ్రవరి సరిగ్గా ఈ వలస కాలం. వానాకాలం పంట ఇంటికొచ్చాక పోయి, ఉగాదికి తిరిగొచ్చేవాళ్లు ఆ నెలలో ఊళ్లో ఉండరు. ఇదే నెలలో కాలువ కింది ఊళ్లలో యాసంగి వరికి నీళ్లు పారుతుంటాయి, జనమంతా పొలాల్లోనే ఉంటారు. ఒకే జిల్లాలో నీళ్లున్న ఊరు నిండుగా, నీళ్లు లేని తండా పలచగా లెక్కకెక్కుతాయి. పంచాయతీకి వచ్చే నిధులు చాలావరకు జనాభాను బట్టే వస్తాయి కాబట్టి, నష్టం కూడా నీళ్లు లేని ఊరికే.

కామారెడ్డి ఈ లెక్కల రాజకీయంలో ప్రేక్షకురాలేమీ కాదు. కులగణన చేస్తామని, స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం రిజర్వేషన్లు ఇస్తామని కాంగ్రెస్ ప్రకటించింది 2023 నవంబర్ 10న, ఈ పట్టణంలోనే. ఆ మాట ప్రకారం 2024 నవంబర్‌లో రాష్ట్రమంతటా ఇంటింటి సర్వే జరిగింది. 75 ప్రశ్నలు, అంతకుముందే ప్రతి తలుపుకూ స్టిక్కర్ అంటించారు. ఎల్లారెడ్డి దారిలో ఆ స్టిక్కర్లు సగం చిరిగి ఇంకా కొన్ని తలుపుల మీద ఉన్నాయి. గడపకు పసుపు, ద్వారబంధానికి పంచాయతీ నంబరు, తలుపు మీద సర్వే కాగితం, కొన్నిచోట్ల గొళ్లేనికి తాళం కూడా. దానికి పదేళ్ల ముందు, 2014 ఆగస్టు 19న, ఒక్కరోజులో జరిగిన సమగ్ర కుటుంబ సర్వేకు భివండీ, ముంబైల నుంచి జనం రైళ్లు, బస్సులు కిక్కిరిసి సొంతూళ్లకు వచ్చారు. ఇంట్లో లేకపోతే లెక్కలో ఉండమేమోనన్న భయం వాళ్లను అంత దూరం నుంచి రప్పించింది. రాలేనివాళ్లు గల్ఫ్‌లో ఉన్నవాళ్లు. వాళ్లలో ఎవరైనా చనిపోతే కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇవ్వాలని 2024లో ప్రభుత్వం నిర్ణయించింది. మంచి నిర్ణయం. అయితే మరణించాక గుర్తించే ఆ కుటుంబ సభ్యుణ్ణి బతికుండగా కూడా గుర్తించాలని అడగడంలో అత్యాశ లేదు.

ఎల్లారెడ్డి నుంచి నిజాంసాగర్ వైపు దిగితే నేల రంగే మారుతుంది. 1923లో మొదలుపెట్టి 1931కి మంజీర మీద పూర్తిచేసిన ఆనకట్ట ఇది, 2 లక్షల 75 వేల ఎకరాలకు నీళ్లిచ్చే ఉద్దేశంతో కట్టింది. దీని కాలువల వెంట కృష్ణా, గుంటూరు వైపు నుంచి రైతులు వచ్చి స్థిరపడ్డారు. బాన్సువాడ దాటి బోధన్ దాకా కొన్ని ఊళ్ల పేర్ల చివర ఇప్పటికీ 'క్యాంపు' అనే మాట ఉంది. వచ్చినవాళ్లు వచ్చినచోటే లెక్కకెక్కారు, ఓటు తెచ్చుకున్నారు, పంచాయతీలయ్యారు. ఈ జిల్లాకు వలస రెండు వైపులా తెలుసు. నీళ్లు మనుషుల్ని ఎలా పిలుస్తాయో కాలువల దగ్గర, నీళ్లు లేకపోవడం ఎలా పంపేస్తుందో గాంధారి గుట్టల దగ్గర కనిపిస్తుంది. రెండింటికీ మధ్య దూరం బస్సులో ఒక పూట కూడా కాదు.

చివరి అభ్యంతరం లెక్కల శాస్త్రం తెలిసినవాళ్లది: లేనివాణ్ణి కూడా రాస్తే ఒకే మనిషి రెండుచోట్ల లెక్కకొస్తాడు, జనగణనకు ఎక్కడున్నవాణ్ణి అక్కడే రాయడం తప్ప గత్యంతరం లేదని. ఈ మాటను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. తల లెక్కలో అతన్ని కలపమనడం లేదు. ఆ ఇంటి పట్టికలోనే పక్కన, ఈ పొయ్యిని నడుపుతూ దూరంగా ఉన్నవాళ్లు ఎవరు, ఎక్కడ, ఎన్నాళ్లుగా అని విడిగా రాయాలంటున్నాను. ఇది చేయలేని పని కాదు. తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ పండితులు 1998లో మొదలుపెట్టిన కేరళ వలసల సర్వే, కొన్నేళ్లకోసారి ఇళ్లనే అడిగి తెలుసుకుంటూ వస్తోంది. 2011లో 1,084 అనే తమ అంకెను కేరళ వాళ్లు చదువుకోగలిగింది అలాంటి వివరాల వల్లే. తెలంగాణకూ ప్రతి అయిదేళ్లకూ అలాంటి సర్వే కావాలి. ఇక దేశవ్యాప్త జనగణన 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకుంది, దాని మనుషుల లెక్క మళ్లీ ఫిబ్రవరిలోనే. ఈసారి కులం కూడా రాస్తారు. గాంధారి, లింగంపేట తండాల్లో ఆ నెలలో తాళం ఉన్న తలుపును ఒక్కసారి తట్టి ఖాళీ ఇల్లని రాసుకుపోకుండా, పక్కింటి ముసలమ్మను అడిగి చెరుకు చేలల్లోనూ హైదరాబాద్ అడ్డాల మీదా ఆ కుటుంబాన్ని వెతికి రాయించే ఏర్పాటు కామారెడ్డి కలెక్టరేట్‌లో ఇప్పటినుంచే మొదలుకావాలి.