రాజుపాలెం నోటుబుక్కులకు ఒక ఎడిటర్

ఎర్రగుంట్లలో రైలు దిగి, ప్రొద్దుటూరు బస్సు ఎక్కే ముందు కలమళ్లకు పోయొచ్చాను. రాజుపాలెంలో నాకున్న పని అక్షరాల పనే కాబట్టి ముందు ఆ ఊరు చూడాలనిపించింది. థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు ఆకాశాన్ని ఆనుకుని నిలబడే ఆ చోటే, చెన్నకేశవస్వామి గుడి దగ్గర, రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు క్రీ.శ. 575 ప్రాంతంలో తెలుగులో శాసనం వేయించాడు. ఇంతవరకు దొరికిన తెలుగు శాసనాల్లో మొదటిదని పేరు. రాయి విరిగి, అక్షరాలు అరిగినా పండితులు దాన్ని చదవగలిగారు. కారణం ఒక్కటే: ఏ అక్షరం ఏదో ఆ రాతలోనే ఉంది, దాన్ని చదవడానికి ఇంకో పరికరం అక్కర్లేదు.

పెన్నా వంతెన దాటితే ప్రొద్దుటూరు. బంగారు అంగళ్ల వీధులు, కారం దోశ వాసన. అక్కడ ఆగకుండా రాజుపాలెం బస్సు ఎక్కాను. ఊరు దాటగానే నల్లరేగడి. పుష్యమాసం కాబట్టి శనగ చేలు కోతకొచ్చాయి. దూరంగా కుందూ గట్టున చెట్ల వరస.

రాజుపాలెంలో మా పెదనాన్న కొడుకు చిన్న నెట్ సెంటర్ నడుపుతాడు. జిరాక్సులు, దరఖాస్తులు, పిల్లల హాల్‌టికెట్లు. ఆయనకు బడిలో చదువు చెప్పిన తెలుగు అయ్యవారు ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నారు. చుట్టుపక్కల ఊళ్ల పేర్లు, వెల్లాల సంజీవరాయస్వామి తిరునాళ్ల ముచ్చట్లు, కేసీ కాలువ నీళ్ల కింద మారిన పైర్లు, సేద్యగాళ్ల మాటలు... ఏళ్ల తరబడి నోటుబుక్కుల్లో రాసిపెట్టుకున్నారు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఏ ఎడిటర్లో కొట్టాలో తేల్చమని అన్న పిలిపించాడు.

"నాయనా, నేను పోయినాంక గూడా ఇది తెరుచుకోవాల. అట్లాంటిది చూసి పెట్టు" అన్నారు అయ్యవారు. నేను విన్న సాంకేతిక షరతుల్లో ఇంత స్పష్టమైంది ఇంకొకటి లేదు.

ఒక నోటుబుక్కు అప్పటికే ఎక్కించి ఉంది. ఎప్పుడో ఒక డీటీపీ అంగట్లో పేజ్‌మేకర్లో, అను ఫాంటుతో కొట్టించారట. అన్న ఆ ఫైలు తీశాడు. పేజ్‌మేకర్ ఇప్పుడు ఆ మిషన్లో లేదు. దాని ఆఖరి రూపం 7.0, అది 2001లో వచ్చింది. లోపలి మాటరు మాత్రం విడిగా ఒక ఫైల్లో ఉంటే తెరిచాం. తెర నిండా ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వచ్చాయి. ఆ పద్ధతిలో ఫైల్లో దాగేది తెలుగు కాదు, ఇంగ్లిషు అక్షరాల సంఖ్యలు. వాటి మీద తెలుగు బొమ్మలు తొడిగేది ఫాంటు. ఫాంటు తీసేస్తే తెలుగు పోతుంది. తెలుగునాట అచ్చయిన పుస్తకాలు ఎన్నో ఇట్లాంటి ఫైళ్లలోనే పడి ఉన్నాయని తలచుకుంటే నాకు దిగులు. మార్చిపెట్టే కన్వర్టర్లు ఉన్నాయి గానీ, మార్చాక ప్రతి పుటా చదివి దిద్దుకోవాల్సిందే.

"వర్డు ఉంది గదరా, మళ్లా వేరే ఎడిటరెందుకు?" అన్నాడు అన్న. అచ్చుకు వెళ్లే ఉత్తరానికి వర్డు మంచిదే. అయితే అన్నకు రోజూ కావాల్సింది అడ్రసులు, జాబితాలు, ఒక ఫారం నుంచి తెచ్చి ఇంకో ఫారంలో అతికించే ముక్కలు. వాటికి రంగులూ మార్జిన్లూ అడ్డమే.

ఎడిటర్లను పరీక్షించడానికి చిన్న ఫైలు ఒకటి తయారుచేశాను. అందులో స్త్రీ, క్షేత్రం, రాజుపాలెం, రాజుపాళెం, చివర చోఴ. ఆ చివరి అక్షరం రేనాటి శాసనాల్లోది. అయ్యవారి నోటుబుక్కుల్లో చాలాచోట్ల ఉంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, ఈ అక్షరం చేరింది 2014లో.

మొదట నోట్‌ప్యాడ్. విండోస్‌తోనే వస్తుంది, తేలిక. 2019 నాటి విండోస్ 10 నుంచి ఏమీ అడగకుండానే, యూనికోడ్ అక్షరాలన్నీ పట్టే యూటీఎఫ్-8 రూపంలో దాస్తుంది. అంతకు ముందు మామూలుగా తెలుగు పట్టని ఆన్సీలో దాచేది. హెచ్చరికను పట్టించుకోకుండా సరే అంటే తెలుగంతా ప్రశ్నార్థకాలై మిగిలేది. ఆ ప్రశ్నార్థకాల నుంచి తెలుగును వెనక్కు తెచ్చే దారి ఎవరి దగ్గరా లేదు.

అన్న కొడుకు ప్రొద్దుటూరులో ఇంజినీరింగు చదువుతున్నాడు. "చిన్నాయనా, విమ్ నేర్చుకోమని సీనియర్లు అంటాండారు" అన్నాడు. బ్రామ్ మోలెనార్ 1991లో విడుదల చేసిన విమ్ ఎడిటర్ మీద నాకు గౌరవం ఉంది. ప్రోగ్రాములకు వాడు తప్పక నేర్చుకోవచ్చు. కానీ అది తెరను సమానమైన గళ్లుగా కోసి, గడికొక అక్షరం పెడుతుంది. మన వత్తులూ గుణింతాలూ ఆ గళ్లలో ఇమడవు. స్త్రీ విడివిడి ముక్కలై కనిపించింది. వీఎస్ కోడ్ అనే ఇంకో ఎడిటర్లో తెలుగు చక్కగా కుదిరింది. నాలుగు జీబీల ఆ పాత మిషన్ మాత్రం మూలిగింది.

నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ దగ్గర అందరం ఎక్కువసేపు కూర్చున్నాం. డాన్ హో 2003లో మొదలుపెట్టిన ఉచిత ఎడిటర్. సేవ్ చేయకుండా కరెంటు పోయినా బ్యాకప్ నుంచి తిరిగి తెస్తుంది. రాజుపాలెంలో అది చిన్న సంగతి కాదు. స్త్రీ అని మాత్రమే ఉన్న ఫైలుకు కింది పట్టీలో పొడవు 18 అని చూపించింది. ఆరు సంకేతాలు, ఒక్కోటి మూడు బైట్లు. అయ్యవారు కళ్లద్దాలు సవరించుకుని స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "సరిగ్గానే విడగొట్టినాడే" అని సంబరపడ్డారు. ఫోల్డరు మొత్తంలో వెతికే సౌకర్యం చూపించాను. ల, ళ రెండింటినీ చదరపు బ్రాకెట్లలో పెట్టి వెతికితే పాలెం, పాళెం రెండూ ఒకేసారి దొరికాయి. ఊరి పేరు తామే రెండు రకాలుగా రాసిన పుటలన్నీ ఆయన కళ్లముందుకు వచ్చేసినట్టయింది.

చోఴలో ఆఖరి అక్షరం ఖాళీ డబ్బాగా వచ్చింది. అయ్యవారి ముఖం చిన్నబోయింది. ఫాంటు మార్చి నోటో సాన్స్ తెలుగు పెట్టాను. అక్షరం వచ్చి కూర్చుంది. "అక్షరం ఫైల్లో ఎప్పుడూ ఉంది అయ్యవారూ, చూపించే ఫాంటే లేకపోయింది" అని చెప్పాను. అను ఫైలుకూ దీనికీ తేడా ఆయనకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

నిర్ణయం అక్కడే అయిపోయింది. నెట్ సెంటర్ మిషన్లో నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్. పిల్లవాడి లైనక్స్‌లో కేట్ అనే ఎడిటర్. ఫైళ్లు మాత్రం అవే. అయ్యవారికి ఫోన్లో చదువుకోవడానికి కూడా అవే. ఎడిటర్ పేరు కన్నా ఫైలు రకమే ముఖ్యమని నా గట్టి నమ్మకం. ఆటమ్ అనే ఎడిటర్‌ను 2022 డిసెంబరులో ఆపేశారు. వర్డ్‌ప్యాడ్‌ను 2024లో విండోస్ 11 నుంచి తీసేశారు. వాటిలో రాసుకున్న మామూలు టెక్స్ట్ ఫైళ్లు మాత్రం ఏ ఎడిటర్లో తెరిచినా తెరుచుకుంటాయి. పది లక్షల తెలుగు సంకేతాలైనా ముప్పై లక్షల బైట్లే, అంటే ఫోన్లో తీసిన ఒక ఫొటో అంత. మూడు చోట్ల దాచుకోవడానికి ఖర్చేమీ లేదు.

సాయంత్రానికి అన్న ఫోల్డరు కట్టాడు: ఊరికొక ఫైలు, అన్నీ యూటీఎఫ్-8. మొదటిది వెల్లాల. అయ్యవారు నోటుబుక్కు చూస్తూ చదివి చెబుతుంటే పిల్లవాడు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద నెమ్మదిగా కొట్టడం మొదలుపెట్టాడు.