గంగాళం తిరిగివ్వని ఊరు

వదినగారూ, ఒక్కసారి ఇలా గోడ దగ్గరికి రండి. ఇదిగో మీ ఇత్తడి గంగాళం. చింతపండు పెట్టి తోమించాను. వ్రతం నాడు ప్రసాదం దీన్లోనే చేశాం. రేపిస్తానన్న మనిషిని నాలుగు రోజులు ఉంచేసుకున్నాను, నిన్నటి నుంచి మనసు పీకుతూనే ఉంది. గంగాళం ఎరువు తీసుకుని మాట తప్పితే ఏమవుతుందో ఇంగ్లండులో విని వచ్చాను మరి.

మా అమ్మాయి వాళ్లుండేది సర్రేలో ఫార్న్‌హామ్ పక్కన. అక్కడికి మూడు మైళ్లలో ఫ్రెన్షమ్ అని ఒక పల్లె. ఆ పల్లె చర్చిలో పాతకాలపు రాగి గంగాళం ఒకటుంది. మన పెళ్లిళ్లలో పప్పు కాచే గంగాళమంత ఉంటుంది. పూర్వం ఆ చుట్టుపక్కల ఒక గుహలో మదర్ లడ్లమ్ అనే ముసలమ్మ ఉండేదట. మంత్రాలు తెలిసిన మనిషే, కానీ మంచిది. ఊళ్లో ఎవరింట శుభకార్యమైనా వచ్చి అడిగితే కావలసిన గిన్నె ఇచ్చేది. చెప్పిన రోజుకి తెచ్చివ్వాలి, అదొక్కటే షరతు. ఒకాయన గంగాళం పట్టుకెళ్లి గడువు దాటాక తెచ్చాడు. ఆవిడ వెనక్కి తీసుకోలేదు. ఆపైన ఎవరికీ చెంచా కూడా ఇవ్వలేదట. అలా అది చర్చికి చేరిందని చెబుతారు. దెయ్యం దాన్ని ఎత్తుకుని పారిపోతూ గెంతినచోటల్లా ఒక గుట్ట లేచిందని ఇంకో కథ. ఆ గుట్టలు మూడూ ఇప్పటికీ ఉన్నాయి, పేరు కూడా దెయ్యం గెంతులే. ఈ కథ వినిపిస్తే మా మనవరాలు ఆగకుండా రెండు మైళ్లు నడిచింది, ఆ గుట్టలు చూడాలని.

మే నెలలో మీరు రెడింగులో మీ అబ్బాయి దగ్గరికి వెళ్తున్నారు కదా, అందుకే ఇదంతా చెబుతున్నాను. ఆరు నెలలు ఉంటారు. మొదటిసారి వెళ్లినప్పుడు నేను ఆ నాలుగు గోడల మధ్యే ఉండిపోయాను. పిల్లలు ఆఫీసుకి, మనవలు బడికి. శనాదివారాలొస్తే షాపులు, లేకపోతే మనవాళ్లెవరింట్లోనో భోజనం. రెండోసారి మా అల్లుడు పట్టుబట్టి ఫ్రెన్షమ్ తీసుకెళ్లాడు. ఆరోజు నుంచి ప్రతి ఆదివారం నేనే ముందు లేచి పులిహోర కలిపేదాన్ని. మీవాళ్లకి కారులో గంట దూరం, అంతే.

అక్కడ రెండు చెరువులున్నాయి, పెద్దదీ చిన్నదీ. చూడ్డానికి దేవుడు చేసినట్టే ఉంటాయి గానీ రెండూ మనుషులు కట్టకట్టి నిలిపినవే. చిన్న చెరువు 1246లో కట్టారు. అంటే మన గణపతిదేవుడు ఓరుగల్లు ఏలుతున్న రోజులు. మనవాళ్లు రామప్ప, పాకాల చెరువులు వరి కోసం కట్టుకుంటే, వాళ్లు చేపల కోసం కట్టుకున్నారు. వించెస్టర్ బిషప్పుగారి ఫార్న్‌హామ్ కోటకి చేపలు వెళ్లాలి. వాళ్లకీ మన ఏకాదశుల్లాగే మాంసం ముట్టని రోజులుండేవి, చేప మాత్రం తినొచ్చు. రెండో ప్రపంచయుద్ధంలో ఆ నీళ్లు తీసేశారట. పైనుంచి వచ్చే విమానాలకి మెరుస్తూ గుర్తు దొరకకుండా. పెద్ద చెరువు ఒడ్డున తెల్లటి ఇసుక. పిల్లలు అక్కడ కూర్చున్నారంటే లేవరు. 1999లో వచ్చిన మమ్మీ సినిమాలో నైలు నది అని చూపించింది దాన్నే. ఎండ గట్టిగా కాసిన ఆదివారాల్లో మాత్రం కారు పెట్టుకోవడానికి చోటు దొరకదు, పొద్దున్నే వెళ్లిపోండి. ఒక్కోసారి నీళ్లలో నాచు చేరిందని స్నానాలు వద్దని బోర్డు పెడతారు. అది చూసుకోండి.

చెరువుల కంటే నన్ను కట్టిపడేసింది వాటి చుట్టూ ఉన్న నేల. హీత్ అంటారు వాళ్లు. మొదటిసారి చూసి బీడనుకున్నాను. ఇసుక నేల, సారం లేదు. మోకాలెత్తు పొదలు, మధ్యమధ్య ఒంటరిగా ఒక పైన్ చెట్టు. మనూళ్లో అయితే పట్టా పుట్టించి ప్లాట్లేసేవాళ్లు. ఆగస్టులో మళ్లీ వెళ్లాను వదినగారూ, నేలంతా ఊదారంగు! కనుచూపు మేర హెదర్ పువ్వే. తేనెటీగల రొద, గాలిలో తేనె వాసన. ఇంకో పొద ఉంది, గోర్స్ అని, ఒళ్లంతా ముళ్లు. పువ్వు మన తంగేడంత పచ్చగా ఉంటుంది. వాసన చూడమంది మనవరాలు. కొబ్బరి! అప్పుడే పగలగొట్టిన కొబ్బరికాయ వాసన. అంత దూరదేశంలో ఆ వాసన తగిలేసరికి మా పెరడు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

అది దానంతటది పుట్టిన నేల కాదు. వేల ఏళ్ల కింద అక్కడ అడవి ఉండేదట. జనం చెట్లు కొట్టి పశువుల్ని మేపారు. హెదర్ కోసి ఇంటి కప్పులకీ చీపుళ్లకీ వాడారు. ఫెర్న్ కోసి కొట్టంలో పరిచారు, మట్టిగడ్డలు పెళ్లగించి పొయ్యిలో పెట్టారు. పేదవాళ్ల బతుకంతా దాంట్లోనే. అలా కోస్తూ మేపుతూ ఉన్నంతకాలం చెట్టు మళ్లీ లేవలేదు, పువ్వు నిలిచింది. ఆ పనులు ఆగిపోయాక పైన్ మొక్కా బర్చ్ మొక్కా తలెత్తాయి. కొంత దున్నేశారు, కొంత ఇళ్లు కట్టేశారు. గత రెండు వందల ఏళ్లలో ఆ దేశంలో పల్లపు హీత్ ఐదింట నాలుగు వంతులు పోయిందంటారు. మిగిలిన దాంట్లో ఇప్పుడు ఊరి జనం జీతం లేకుండా వచ్చి పిల్లచెట్లు పీకుతుంటారు. అడవి పెంచడానికి చెట్లు నాటడం తెలుసు గానీ, పువ్వు బతకడానికి చెట్టు పీకడం నేనక్కడే చూశాను. అది సరైన పనే, నా మాట నమ్మండి.

మోకాళ్లంటారా? దారి చదునుగానే ఉంటుంది, ఇసుకలో కాస్త నెమ్మదిగా నడవాలి. మడమ పట్టుకునే బూట్లు వేసుకోండి, చెప్పులొద్దు. పంజాబీ డ్రెస్సు వేసుకుని పాంటు అంచులు మేజోళ్లలోకి దోపేయండి. ఆ పొదల్లో పిడుదులుంటాయి, ఇంటికి రాగానే పిల్లల మోకాలి వెనక, చెవి వెనక చూడండి. ఆడర్ అని ఒక పాముంది, ఆ దేశంలో విషమున్నది అదొక్కటే. అడుగుల చప్పుడు వింటే తప్పుకుంటుంది, దాని మానాన దాన్ని వదిలేయడమే. దారి తప్పుతారని భయం లేదు. పసుపు బాణం కాలినడకకి, నీలం బాణం గుర్రాలకి కూడా. ఒక్కోసారి దారి ఎవరి పొలం మధ్యలోంచో పోతుంది, అడ్డుపెట్టరు. గేటు తీసినవాళ్లే మళ్లీ వేసి వెళ్లాలి. ఆగస్టు చివర కంచెల మీద బ్లాక్‌బెర్రీలు పండుతాయి. తింటే నాలుక నేరేడు తిన్నట్టే. ఏప్రిల్, మేలో అడవి వైపు వెళ్తే చెట్ల కింద నీలం పువ్వులు. కొయ్యకండి, చూసి రండి చాలు.

మీరు వెళ్లే నెలలోనే నైట్‌జార్ పిట్ట ఆఫ్రికా నుంచి వస్తుంది. జూన్‌లో అక్కడ తొమ్మిది దాటాక పొద్దుగుంకుతుంది. మనవణ్ణి తీసుకుని ఒకరోజు ఆ చీకటి పడేదాకా ఉండండి. మా అమ్మమ్మ రాట్నం తిప్పినట్టు ఆగకుండా చప్పుడు వస్తుంది, అదే దాని కూత. గూడు కట్టదు ఆ పిట్ట, గుడ్లు నేల మీదే పెడుతుంది. రంగు ఎండుటాకు రంగే, అడుగు దూరంలో ఉన్నా కనపడదు. మార్చి నుంచి జూలై దాకా కుక్కల్ని కూడా గొలుసు వెయ్యందే రానివ్వరు అందుకే. మీ మనవడు పరుగులవాడు వదినగారూ, చెయ్యి పట్టుకోండి, దారి దిగి పొదల్లోకి అడుగు పెట్టనివ్వకండి.