ఒక చుక్క అలిఫ్

మా ఆపాకి కళ్ళు కనిపించవు. నాకంటే పదకొండేళ్ళు పెద్ద, ఇప్పుడు యాభై ఎనిమిది. ఇన్నేళ్ళలో ఆపా తిరిగిన దునియా అంటే మా ఇంటి దాలాన్ నించి బావర్చీఖానా దాకా, ఏడాదికోసారి ఉర్సుకి బాబామెట్ట ఖాదర్ బాబా దర్గా దాకా. అంతే. బడికి పంపలేదు. పంపాలన్న ఖయాల్ కూడా ఎవరికీ రాలేదు. ఫజర్ తర్వాత అమ్మీ పక్కన కూచోబెట్టుకుని చదివి వినిపిస్తే, వినీ వినీ చివరి పారా మొత్తం నోటికి పట్టేసింది. "చూపుంటే నా బేటీ హాఫిజా అయ్యేది" అనేది అమ్మీ. ఆపా నవ్వి ఊరుకునేది.

మా తమ్ముడి కూతురికీ అదే జబ్బు, రెటీనాది. ఖాందాన్‌లో నడిచేదని డాక్టర్ చెప్పాడు. పిల్లని మా పేట బడిలో వేశాం. టీచరమ్మ మంచిదే. రోజూ ముందు బెంచీలో కూచోబెట్టేది. కానీ బ్రెయిల్ తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. రెండేళ్ళు పిల్లకి హాజరు పడింది, తాలీమ్ పడలేదు.

అప్పుడు తెలిసినవాళ్ళొకరు చెప్పారు. విశాఖ సాగర్‌నగర్‌లో చూపు లేని పిల్లలకి సర్కారు ఆశ్రమ పాఠశాల ఉంది, ఉండడం, తిండి, బట్టలు, పుస్తకాలు అన్నీ ముఫత్ అని. విజయనగరం నించి విశాఖ అరవై కిలోమీటర్లే. కానీ ఎనిమిదేళ్ళ పిల్ల తల్లికి అరవై కిలోమీటర్లంటే సాత్ సమందర్ పార్!

మా మరదలు రెండ్రోజులు అన్నం ముట్టలేదు. పక్కింటావిడ వచ్చి "ఏటమ్మా, కళ్ళు కనపడని ఆడపిల్లని అంత దూరం ఒగ్గీసి ఎలాగుంతావు?" అంది. మస్జిద్‌లో ఓ పెద్దాయన ఇంకో మాటన్నాడు. "మన ఇంట్లో రోటీ లేదా? ఖైరాత్ బడిలో పడేస్తారా మియా?"

నాకు ఆ మాట దిగబడింది. ఖైరాత్ కాదు చాచా, హక్కు అన్నాను. ఆ మాట మన హక్ నించే తెలుగులోకి వచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో రాసి ఉంది: నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లకి ఆరేళ్ళ నించి పద్దెనిమిదేళ్ళ దాకా ఉచిత చదువు హక్కు. దగ్గరి బడిలోనైనా, స్పెషల్ స్కూల్లోనైనా, కోరుకున్న చోట. ఇంకో సంగతి కూడా గుర్తు చేశాను. హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్‌కి చూపు లేదు. సూరా అబస ఆయన విషయంలోనే దిగింది. ఆయన అజాన్ ఇచ్చేవారు. ప్రవక్త (స) సఫర్‌కి వెళ్తూ మదీనా బాధ్యత ఆయనకి అప్పగించిన సందర్భాలున్నాయి. అలాంటివాళ్ళని దాలాన్‌లో కూచోబెట్టమని మన దీన్ ఎక్కడ చెప్పింది? చాచా జవాబివ్వలేదు.

ఫైసలా మాత్రం ఆపాదే. ఆ రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర మెల్లగా అంది. "నన్ను ముహబ్బత్‌తోనే ఇంట్లో ఉంచుకున్నారు. నాకు గిలా లేదు. కానీ అమ్మీ పోయి తొమ్మిదేళ్ళు. అప్పట్నించి నాకు కొత్త సూరా ఒక్కటి రాలేదు. చదివి వినిపించే ఫుర్సత్ మీకెవరికీ లేదు. ఉస్కూ భేజో."

ఎవరం తలెత్తలేదు.

పంపాం. గేటు దగ్గర పిల్ల తల్లి దుపట్టా కొస వదల్లేదు. ఒక పెద్ద పిల్ల, తనకీ చూపు లేదు, వచ్చి చెయ్యి పట్టుకుని "మెట్లు ఏడు, లెక్కపెట్టుకో" అంటూ లోపలికి తీసుకుపోయింది.

నాకు మాత్రం ఇప్పటికీ మనసులో ఒక ముల్లుంది. మా ఊరి సంగీత కళాశాల కథ ఇక్కడ అందరికీ తెలుసు. సంస్థానంలో పనిచేసే చాగంటి జోగారావు గారి అబ్బాయి గంగబాబుకి చూపు లేదు, సంగీతమంటే ప్రాణం. ఆ పిల్లాడి కోసమే విజయరామ గజపతి మహారాజు 1919లో ఊళ్ళోనే సంగీత పాఠశాల పెట్టించారని చెప్పుకుంటారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. వయొలిన్ నేర్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారికీ చూపు మందమే. ఒక్క పిల్లాడి దగ్గరికి బడే నడిచొచ్చిన ఊరు మాది. అది రాజుగారి మెహర్బానీ. ఇప్పుడు మెహర్బానీ అక్కర్లేదు, చట్టముంది. కానీ కోరుకోవాలంటే రెండు తలుపులూ తెరిచుండాలి కదా. మాకు ఒకటే తెరిచి ఉంది. దాన్ని పసంద్ అనలేను.

నష్టం లేకపోలేదు. మొదటి రంజాన్‌కి సహరీ వేళ ఇంట్లో ఒక గిన్నె తక్కువైంది. సెలవులకి వచ్చినప్పుడు తల్లి ఉర్దూలో అడిగితే పిల్ల తెలుగులో జవాబు చెప్పింది. నీళ్ళ లోటా ఎక్కడుందని మెహమాన్‌లా అడిగింది. మరదలు వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

ఆ సంక్రాంతి సెలవుల్లోనే పిల్ల తన అట్ట కాగితం తెచ్చి ఆపా ఒళ్ళో పెట్టింది. "ఫూఫీ, వేలు ఇటివ్వు. ఈ ఒక్క చుక్క, తెలుగులో అ. ఇంగ్లీషులో ఏ. ఉర్దూలో అలిఫ్ కూడా ఇదేనంట, మా టీచర్ చెప్పారు."

"అలిఫ్ కూడానా? మరి కుడి నించి చదవాలా?"

"లేదు ఫూఫీ. బ్రెయిల్‌లో ఉర్దూ, అరబీ కూడా ఎడమ నించే."

ఆపా చాలాసేపు ఆ చుక్క మీంచి వేలు తియ్యలేదు. తర్వాత "ఇంకోటి చూపించు" అంది.

ఇది చదివేవాళ్ళలో అలాంటి పిల్లలున్న ఇళ్ళు ఉంటాయి. దాచకండి. సచివాలయంలో అడిగి సదరం సర్టిఫికెట్ తీసుకోండి. స్పెషల్ స్కూల్ గురించి తెలుసుకోండి. దాంతోపాటు మీ పేట బడికి కూడా వెళ్ళి, బ్రెయిల్ నేర్పేవాళ్ళు ఎప్పుడొస్తారని అడగండి. నేను అడుగుతూనే ఉన్నాను. మా పిల్ల తిరిగి రాకపోయినా, వెనకొచ్చే పిల్లకైనా రెండో తలుపు తెరుచుకోవాలి, ఇన్షాఅల్లాహ్.