దిగవలసిన చోటు

విమానం నడపడం నేర్చుకొంటున్న మా అబ్బాయితో కలిసి కిందటేడు ఢిల్లీ నుండి రైలులో వచ్చాను. నాగపూరు దాటిన తరువాత వాడు కిటికీ వదలలేదు. "ఏమి చూస్తున్నావురా?" అన్నాను. "ఇంజను ఆగిపోతే ఎక్కడ దిగాలా అని, నాన్నా. అలవాటైపోయింది."

నా గుండె జల్లుమన్నది. "ఈ మాట మీ అమ్మతో అనకు" అన్నాను.

వాడు పాఠం ఒప్పజెప్పినట్లు చెప్పుకుపోయాడు. శిక్షణకు వాడే చిన్న విమానం ఇంజను ఆగినంతమాత్రాన రాయివలె పడదు. 1000 అడుగుల ఎత్తునుండి సుమారు మైలున్నర దూరం జారుతూ పోగలదు. వీలైనంతవరకు గాలికి ఎదురుగా దిగాలి. దున్నిన చేనైతే చాళ్ల వెంబడి దిగాలి, అడ్డంగా కాదు. కరెంటు తీగలు పైనుండి కనబడవు గనుక స్తంభాలను వెదకాలి. అన్నిటికంటె కష్టం, దూరాన కనబడుతూ అందని రన్‌వేను వదులుకోవడం. ఆశకొద్దీ ముక్కు పైకెత్తితే వేగం తగ్గి రెక్కలు పట్టు వదులుతాయి.

2009 జనవరి 15న న్యూయార్కులో పక్షులు తగిలి రెండు ఇంజన్లూ చెడినప్పుడు కెప్టెన్ సలెన్‌బర్గర్ చేసినదీ ఇదే. విమానాశ్రయాలు దగ్గరలోనే ఉన్నా, అందవని తేల్చుకొని హడ్సన్ నదిని ఎంచుకొన్నాడు. 155 మందీ బ్రతికారు. (ఇట్టి దిగుడును హిందీలో 'ఆపాత్' అవతరణమంటారు. 'ఆపాతమధురం' ఎరిగిన తెలుగు అనువాదకునికి ఆ మాట ఎంత వింత!)

సేవాగ్రామ్ దాటేసరికి నేనూ చేలను చూడసాగాను.

"అదిగో, ఆ దుక్కిచేను?"

వాడు ఒక్క క్షణం చూచి, "స్తంభాలున్నాయి, నాన్నా" అన్నాడు.