చేర్యాల పటం విప్పితే...

చేర్యాల పేరు చెప్పగానే ఇప్పుడు చాలామందికి ఎర్రటి నేల మీద గీసిన బొమ్మలు, కొబ్బరి చిప్పల మీద దిద్దిన ముఖాలు గుర్తొస్తాయి. 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉండి, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న ఈ ఊరికి ఆ బొమ్మలే భౌగోళిక గుర్తింపు తెచ్చాయి. కానీ ఈ పటం గోడకు తగిలించడానికి పుట్టింది కాదు. వాడలో రాత్రిపూట కథకుడు పాడుతుంటే, ఒక్కో ఘట్టమే విప్పుకుంటూ చూపడానికి పుట్టింది.

గీసేవాళ్లు నకాశీలు, పాడేవాళ్లు ఆశ్రిత కులాల కథకులు. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెబుతారు. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ పాడతారు. మాదిగలకు డక్కలివాళ్లు జాంబపురాణం వినిపిస్తారు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందెచ్చులవాళ్లకైతే పటం బదులు కర్రబొమ్మలు కావాలి. అవీ నకాశీలు చేసిచ్చినవే. ఏ ఊళ్లో ఎవరు చెప్పాలన్నది తరాలుగా వచ్చిన హక్కు. ఊరు అంటరానివాళ్లని దూరం పెట్టిన మనుషులకు, భూమి పుట్టకముందే పుట్టిన ఆదిజాంబవుడు మీ మూలపురుషుడని చెప్పిన కథ జాంబపురాణం. దాన్ని కాలక్షేపం అనడానికి నాకు నోరు రాదు.

పటానికి బట్ట సిద్ధం చేయడమే పెద్ద పని. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, తుమ్మజిగురు కలిపి పూత మీద పూత పూసి ఆరబెడతారు. పెన్సిల్ ముట్టకుండా కుంచెతోనే గీత మొదలవుతుంది. నేలంతా ఎరుపు నింపి, ఒంటి రంగులు వేసి, చివరికి నల్లటి గీతతో రూపు తేలుస్తారు. కథంతా పట్టాలంటే మూడడుగుల వెడల్పు గుడ్డ పదుల అడుగుల పొడవు సాగుతుంది. చిరిగి పాతబడిన పటాన్ని పారేయరు, పూజ చేసి నీళ్లలో కలుపుతారు. పాత పటాలు కొన్నే మిగలడానికి అదొక కారణం. హైదరాబాద్‌లోని జగదీశ్ మిత్తల్ మ్యూజియంలో అలాంటివి ఉన్నాయి.

చేర్యాలలో ఇప్పుడు ఈ పని చేసే ఇళ్లు కొన్నే. కథకులు పటాలు గీయించుకోవడం తగ్గాక కళాకారులు చిన్న బొమ్మలకు, ముఖాలకు మళ్లారు. దాన్ని తప్పుపట్టలేం, పొయ్యి వెలగాలి కదా. శిక్షణ శిబిరాల్లో బయటి పిల్లలు కూడా కుంచె పడుతున్నారు, సంతోషమే. కానీ అక్కడ గీత నేర్పినంత శ్రద్ధగా కథ నేర్పడం లేదు. తాను గీసే, పద్మశాలీల కథలోని భావనారుషి ఎవరో తెలియని పిల్ల చేతిలో అది నకలు బొమ్మే అవుతుంది. ఆ తరగతిలో నకాశీ పక్కన ఒక కూనపులి కథకుణ్ణీ కూర్చోబెట్టి, ఇద్దరికీ గౌరవ వేతనం ఇవ్వాలి. ఒకప్పుడు ఎవరి కథ వారి వాడలోనే వినబడేది. ఇప్పటి పిల్లలు పక్క వాడ కథ కూడా వినగలరు. అది పాత ఊళ్లో దొరకని అవకాశం.

చేర్యాల వెళ్తే పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. బొమ్మ కొనేముందు దాని కథ చెప్పమని అడగండి. ఇంటికొచ్చాక నానమ్మనో తాతనో కదిలించండి: మన వాడకు పటం పట్టుకొని ఎవరు వచ్చేవారు, ఏం పాడేవారు? వాళ్లు చెప్తుంటే ఫోన్‌లో రికార్డు చేసుకోండి.