లోపలి గడియ

యేసు ప్రభువు తలుపు బయట నిలబడి తడుతున్న బొమ్మ మన క్రైస్తవ ఇళ్లలో చాలాచోట్ల గోడ మీద కనిపిస్తుంది. తలుపు దగ్గర నిలబడి తడుతున్నానన్న ఆయన మాట సువార్త కూడికలో వినగానే, ఆయన్ని ఇంకా ఎరగని వాళ్ల కోసం చెబుతున్నారనుకుంటాం. ప్రకటన గ్రంథం మూడో అధ్యాయం తెరిస్తే ఆ కబురు వెళ్లింది లవొదికయ సంఘానికి. అంటే ఆయన పేరిటే కూడుకుంటున్న వాళ్లకి.

లవొదికయ ఇప్పటి తుర్కియేలో శిథిలాలుగా ఉంది. అప్పట్లో బాగా కలిగిన ఊరు. క్రీ.శ. 60లో భూకంపానికి కూలిపోతే, రోము సాయం లేకుండా సొంత సొమ్ముతోనే మళ్లీ లేచిందని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఆ ధీమాయే సంఘంలోకీ పాకినట్టుంది. మాకు దేనికీ కొదవ లేదనుకునే వాళ్లని ఆ ఉత్తరం గట్టిగా మందలిస్తుంది. ఆ మందలింపు వెంటనే తలుపు తట్టడం గురించి చెప్పడం నన్ను కదిలిస్తుంది. కోప్పడిన ఆయన వెళ్లిపోలేదు, గుమ్మంలోనే ఉన్నాడు.

లోపలికి వచ్చి ఆయన చేస్తానన్నది కూడా చూడండి. ఇల్లు సోదా చేస్తాననలేదు, లెక్కలు అడుగుతాననలేదు. కలిసి భోంచేస్తానన్నాడు. తెలుగు నేల మీద ఇది చిన్న మాట కాదు. ఎవరింట మంచినీళ్లు ముట్టొచ్చో, ఎవరి పక్కన విస్తరి వేయొచ్చో కులం తేల్చిన ఊళ్లు మనవి. ఊరవతల పేటలో ఈ వాక్యం మొదటిసారి విన్న మన ముత్తాతలకు, దేవుడే వచ్చి తమ కంచం దగ్గర కూర్చుంటాడన్న మాట ఎంత పెద్దదై వినిపించి ఉంటుందో!

ఆయన్ని లోపలికి పిలవడమంటే ఆయన వాక్యాన్ని లోపల నిలవనివ్వడం కూడా. మా అమ్మమ్మ పెద్దయ్యాక బైబిలు కోసమే అక్షరాలు నేర్చుకుంది. వరస కింద వేలు పెట్టి, మాట మాటా కూడబలుక్కుంటూ పైకి చదివేది. ఆవిడ బైబిల్లో లూకా సువార్త చివరి పేజీ అంచున పసుపు వేలిముద్ర ఉంది. ఒక్కో రోజు రెండు వచనాలు కాగానే ఆగిపోయేది. "ఈ పూటకిది చాలు" అని, పుస్తకం మూయకుండా ఒళ్లోనే పెట్టుకుని కూర్చునేది. ఏడాదిలో బైబిలంతా పూర్తిచేసే పట్టికలు మంచివే. కానీ వాక్యం లోపల నిలవడమంటే నాకు ఆ కూర్చోవడమే గుర్తొస్తుంది.

ఆ పసుపు పేజీలో ఉన్నది ఎమ్మాయు కథ. క్లెయొపా, ఇంకో శిష్యుడు యెరూషలేము నుంచి దిగులుగా నడుస్తున్నారు. సుమారు 11 కిలోమీటర్ల దారి. పక్కన చేరిన బాటసారి మోషే మొదలుకొని ప్రవక్తల వరకు లేఖనాలు విప్పి చెప్పాడు. వాళ్ల గుండెలు మండాయి, అయినా ఆయనెవరో తెలియలేదు. ఊరు రాగానే ఆయన ఇంకా ముందుకు వెళ్లేవాడిలా కనిపించాడు. పొద్దు వాలింది, మా దగ్గరే ఉండమని వాళ్లు బలవంతపెట్టారు. లోపలికి వచ్చి రొట్టె విరిచాకే కళ్లు తెరుచుకున్నాయి. ఆ బలవంతం చేయకపోతే, దారిలో విన్నదంతా మంచి ప్రసంగంగా మిగిలిపోయేదేమో. చదివి, బాగుందనుకుని లేచిపోయిన పూటలన్నిటిలో జరిగేది అదే. చదివాక, ఉండిపొమ్మని అడగాలి.

అడగడానికి జంకేది ఎందుకో నాకు తెలుసు. లోపల అంతా చిందరవందరగా ఉంటుంది. తోడబుట్టినవాడితో మాటలుండవు, తీర్చని బాకీ ఉంటుంది. అదంతా సర్దుకున్నాక పిలుద్దామనుకుంటాం. యెరికోలో సుంకరి జక్కయ్య సర్దుకున్నదేమీ లేదు. ప్రభువును చూడాలని చెట్టెక్కినవాడు ఎక్కినట్టే ఉండగా, నీ ఇంటికే వస్తున్నానన్నాడు ప్రభువు. ఊరంతా సణిగింది. సగం ఆస్తి పేదలకిస్తానని, అన్యాయంగా గుంజిందానికి నాలుగింతలు తిరిగిస్తానని జక్కయ్య చెప్పింది ఆయన్ని సంతోషంగా చేర్చుకున్నాకే.