తిథి తెలియని చావులు

తుని

బావా,

నువ్వు పంపిన ఫోటోలు అందాయి. రంగూన్ దగ్గరి టౌక్యాన్ యుద్ధ శ్మశానవాటికలో, సమాధి దొరకని సుమారు 27,000 మంది సైనికుల పేర్లు స్తంభాల మీద చెక్కారనీ, మనవాళ్ల ఇంటిపేర్ల కోసం వెతికి అలసిపోయాననీ రాశావు. సిపాయిలుగా పోయినవాళ్లు దొరుకుతారేమో గానీ, మన వైపు నుంచి రంగం (రంగూన్) వెళ్లినవాళ్లలో ఎక్కువమంది కూలీలే కదా. వాళ్ల పేర్లు అక్కడ ఎందుకుంటాయి?

కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడెక్కి వెళ్లారు. బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. మేస్త్రీ బాకీ పోగా మిగిలింది ఇంటికి పంపేవారు. 1941 డిసెంబరు 23న రంగం మీద జపాను బాంబులు పడ్డాయి. ఓడ టిక్కెట్టు కొనలేనివాళ్లు నడక మొదలెట్టారు. కొందరు ప్రోము మీదుగా తౌంగూప్ కనుమ దాటి అరకాను తీరానికి, కొందరు తమూ మీదుగా మణిపురానికి. నాలుగైదు లక్షల మంది అలా బయల్దేరారంటారు. కలరాకీ ఆకలికీ దారిలో రాలిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లని పేరుపేరునా ఎవరు రాసుకున్నారు?

మా నాయనమ్మ వాళ్ల అన్న ఆ దారినే వచ్చాడు. బతికున్నన్నాళ్లూ నీళ్లు కాచందే గుక్కెడు తాగలేదట. పెళ్లిళ్లకి వెళ్లినా చెంబు వెంట ఉండేది. ఆయనతో నడిచిన పాయకరావుపేట మనిషి వాగు నీళ్లు తాగిన మర్నాడే లేవలేకపోయాడు. అక్కడే వదిలేసి వచ్చారు. ప్రాణం ఉందో పోయిందో చూసి రాలేదు గనక, ఆ ఇంటికెళ్లి ఈయన ఏమీ చెప్పలేకపోయాడు. అతని భార్య ఏళ్ల తరబడి బొట్టు తీయలేదు. తర్వాత ఎవరో నచ్చజెప్పి కర్మ చేయించారు. తద్దినానికి తిథి ఏదని పంతులుగారు అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. మహాలయ అమావాస్యకి పెట్టమన్నారు.

విశాఖ బీచిలో 1971 యుద్ధానికి స్మారకం కట్టుకున్నాం, కట్టుకోవాల్సిందే. రంగం కూలీలకి మాత్రం ఈ తీరాన ఒక్క రాయి నా కంటపడలేదు. అది నాకు చాలా కష్టంగా ఉంది. సిపాయిల్ని చంపినంత నిజంగానే యుద్ధం వాళ్లనీ చంపింది, తుపాకీ పట్టించకుండా.

పేర్లు మాత్రం ఇళ్లలో ఇంకా ఉన్నాయి. మహాలయ పక్షంలో ఎవరి పేరున ఎందుకు పెడుతున్నారో అడిగి, తాండవ నదికి ఇటూ అటూ ఊళ్లలో రాసుకుంటున్నాను. రంగం వెళ్లిన మీ పెదతాత సంగతి అత్తయ్యకి బాగా తెలుసు. ఫోన్లో అడిగి ఆయన పూర్తి పేరు, ఊరు, ఏ మిల్లులో చేసేవాడో రాసి పంపు. ఆవిడకి ఓపిక ఉన్నప్పుడే అడుగు.

ఇట్లు,
నీ బావ